తాళం అల్లుడు గారి జేబులో ఉండాలి

చి. సౌ. అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు.

తొలకరి పడగానే జొన్నగిరి, వజ్రకరూరు వైపు రాళ్ళు వెతకడానికి వెళ్తున్నావనీ, అల్లుడు గారు కూడా వస్తున్నారనీ నిన్న మీ నాన్న ఫోన్లో చెప్పాడు. కృష్ణ ఒడ్డున గౌను జేబులు చిరిగేదాకా గులకరాళ్ళు నింపుకున్న పిల్లవి. ఇవాళ కింబర్లైట్ నేల, అదే వజ్రాలను భూమి లోతుల్లోంచి పైకి మోసుకొచ్చిన రాయి ఉన్న నేల, చూడటానికి నీ అంతట నువ్వే బయల్దేరుతున్నావంటే నాకెంత సంబరమో చెప్పలేను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. "ఆయనకు రాళ్ళంటే ఏమీ తెలియదు, ఊరికే కూర్చుంటారట" అన్నాడు మీ నాన్న. ఆ ఊరికే కూర్చోవడమే నన్ను భయపెట్టింది. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. చీలమండ దాకా మూసే బూట్లు వేసుకోండి. పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు చెప్పుల్లోంచి దిగిపోతాయి. పూట తిరుగుడికి మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు, ఇంటి నుంచి తెచ్చుకున్నవే. తొలకరి వాన ఊళ్ళోని మురికినంతా బావుల్లోకి దింపుతుంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జులైలో కలరాతో పోయింది ఆ పక్కనున్న పత్తికొండలోనే. ఓఆర్ఎస్ పొట్లం మీద ఎన్ని నీళ్ళని రాసుంటే అన్ని నీళ్ళలోనే కలపాలి, చిక్కగా చేసుకోకూడదు. రాయిని చేత్తో తిప్పొద్దు. కర్రతో అవతలి అంచు పట్టి నీ వైపుకు లేపితే, కింద తేలున్నా కట్లపామున్నా రాయి నీకు అడ్డుగా ఉంటుంది, అది అటే పోతుంది. నల్లరేగడిలోకి కారు దింపొద్దు. తారురోడ్డు పక్కన గట్టినేల మీద, ముందుభాగం రోడ్డు వైపు ఉండేలా ఆపండి.

పొలం ఎవరిదో కనుక్కుని, అడిగాకే అడుగు పెట్టు. విత్తనం పడిన చేలో పైరు మొలవకపోయినా నడవకూడదు. అక్కడి రైతులు ఏటా వచ్చే జనంతో విసిగిపోయి బోర్డులు పెడుతున్నారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. తవ్వొద్దు. వాన కడిగి పైకి తేల్చినవి చూసుకుంటే చాలు. అటవీ భూమిలో గులకరాయి కూడా తీయకు.

ఇక వెతకడం. వాన పడిన మర్నాడు, పైమట్టి కడుక్కుపోయి గరుసు తేలినప్పుడు, పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకే. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు పొద్దుకు ఎదురుగా నడువు. వెలుతురు దూరే రాయి లోపలి నుంచి వెలుగుతుంది, మామూలు పలుగురాయి తెల్లగా పడి ఉంటుంది. రెండు మీటర్ల వెడల్పున ఒక పట్టీ అనుకుని, నాగలి చాలు మీద నడిచినట్టు ఒక చివరికి వెళ్ళి, పక్క పట్టీలో వెనక్కి రావాలి. ఇష్టమొచ్చినట్టు తిరిగితే చూసిందే మళ్ళీ చూస్తావు. పది రెట్లు పెద్దది చేసే భూతద్దం, మెత్తని బ్రష్షు, నీళ్ళ స్ప్రే సీసా, జిప్పు కవర్లు, ఒక పెన్ను ఉంటే చాలు. ప్రతి కవరులో తేదీ, పొలం గుర్తు రాసిన చీటీ పెట్టు. ఎక్కడిదో తెలియని రాయి అలంకారానికి తప్ప దేనికీ పనికిరాదు.

వజ్రకరూరులో అందరూ మెరుపు కోసం చూస్తారు. నువ్వు నలుపు, ఎరుపు కోసం చూడు. మెరిసే నల్లటి ఇల్మనైట్ గింజలు, ఊదా కలిసిన ఎర్రటి పైరోప్ గార్నెట్లు, ఆకుపచ్చటి క్రోమ్ డయాప్సైడ్ తునకలు కింబర్లైట్‌తో పాటే భూమి లోతుల్లోంచి పైకొచ్చినవి. వజ్రాల పని చేసేవాళ్ళు ముందు వెతికేది వీటినే. అవి ఆవగింజంతే ఉన్నా వాటిలో ఉన్న చరిత్ర నూట పది కోట్ల ఏళ్ళది. ఆ ఒక్క కవరు నిండితే నీ ప్రయాణం ఫలించినట్టే.

ఇప్పుడు, ఏ సంగతి చెప్పాలని కలం పట్టానో దానికి వస్తాను.

మా తరంలో రాళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళం అందరం చేసిన తప్పు ఒకటుంది. భార్యను నీడగా ఉన్న చెట్టు కింద కూర్చోబెట్టి, "అరగంటలో వస్తా" అని, కారు తాళం మన జేబులోనే వేసుకుని వెళ్ళిపోవడం. నేనూ చేశాను. మీ పెద్దమ్మ ఒక వేపచెట్టు కింద కూర్చుంది. నేను కిలోమీటరున్నర దూరంలో ఉన్నాను. రెండు చేల అవతల ఇంకో చెట్టు మీద పిడుగు పడింది. ఆవిడకు ఏమీ కాలేదు. కాకపోవడానికి మాత్రం నేను చేసిందేమీ లేదు.

ఆ తప్పులో ఏమేమి ఉన్నాయో విడదీసి చెప్తాను, ఎందుకంటే ఒక్కొక్కటీ చిన్నదిగానే కనిపిస్తుంది. మొదటిది, రాళ్ళు వెతికేవాడు ఆకాశం చూడడు. మెడ వంచి కాళ్ళ ముందు రెండు మీటర్లే చూస్తాడు. వీపు వెనక ఒక మూల మబ్బు కడుతుంటే గాలి చల్లబడేదాకా తెలియదు. ఆ చల్లగాలి, దుమ్ము వచ్చాయంటే వాన ఇంకా దూరంగా ఉన్నా పిడుగు మాత్రం మీ దాకా రాగలదు. రెండోది, అరగంట. చేతిలో గార్నెట్ ఉన్నవాడికి అరగంట అంటే ఎంతో తెలియదు. చెట్టు కింద కూర్చున్న మనిషికి నిమిషాలతో సహా తెలుసు. మూడోది, ఆ మనిషి కదలదు. లేచి వెళ్తే నువ్వొచ్చి వెతుక్కుంటావని, మాట ఇచ్చిన చోటే ఉంటుంది. ఎదురుచూసే మనిషిని పిడుగు పడే చోట మనమే కట్టేసినట్టు. నాలుగోది, తాళం. పక్కనే ఇనుప డొల్ల లాంటి కారు ఉంది, ప్రాణాన్ని కాపాడేది అదొక్కటే, దాని తలుపు తెరిచే తాళం మాత్రం కిలోమీటరున్నర దూరంలో ఇంకొకరి ప్యాంటు జేబులో ఉంది.

లెక్క కూడా చూడు. గంటకు ముప్పై, నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చే మబ్బు పది కిలోమీటర్లు దాటడానికి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. దున్నిన చేలో, బూట్లకు బంక మట్టి పట్టి, కిలోమీటరున్నర రావడానికి పాతిక నిమిషాలు కావాలి. మొదటి ఉరుము విన్న క్షణంలోనే బయల్దేరినా అందుకోలేవు. అందుకని కారు నుంచి నాలుగు వందల మీటర్లు దాటకు. ఆ దూరమైతే ఏడెనిమిది నిమిషాల్లో వచ్చేస్తావు. దాని అవతల బాగుందనిపిస్తే, ఇద్దరూ కారెక్కి, కారును అక్కడికి తీసుకెళ్ళండి. ఫోన్లో నలభై నిమిషాలకు అలారం పెట్టుకో. మోగగానే చేతిలో ఏముంటే అది వదిలేసి, తలెత్తి నాలుగు దిక్కులా ఆకాశం చూసి, కారు దగ్గరికి వచ్చి మనిషికి కనిపించి వెళ్ళు.

మెరుపు కనిపించగానే అంకెలు లెక్కపెట్టు. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు ఉరుము వినిపిస్తే ఆట ముగిసింది. ఇద్దరూ కార్లో కూర్చుని అద్దాలు ఎత్తి, ఇనుప భాగాలు ముట్టుకోకుండా ఉండండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగొద్దు. మధ్యలో ఎండ వచ్చినా దిగొద్దు. గోడలు లేని రేకుల పందిరి, తాటాకు పాక కాపాడవు. చెట్టు అయితే పిడుగును తన మీదకు పిలిచి పక్కనున్న మనిషి మీదకు దూకిస్తుంది, వేళ్ళ వెంట నేలలోకీ పాకిస్తుంది. ఏ దారీ లేక చేలోనే చిక్కుకుంటే, చెట్లకూ స్తంభాలకూ నీళ్ళకూ దూరంగా, పల్లంలో పాదాలు రెండూ కలిపి గొంతుక్కూర్చోవాలి, పడుకోకూడదు. చేతులు పట్టుకుని ఒకచోట కూర్చోకండి, తల్లీ. కనీసం పది మీటర్ల ఎడం ఉండాలి. ఒకరికి తగిలితే రెండోవాళ్ళు మిగలాలి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందనేది అబద్ధం. ఊపిరి ఆడకపోతే వెంటనే 108కి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టి, రొమ్ము మధ్యన నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. ఇది ఇంట్లో ఇద్దరూ నేర్చుకుని బయల్దేరండి. ఈ మాట చెప్పడానికి మనసు ఒప్పుకోలేదు, అయినా చెప్పాను.

తాళం ఆయన దగ్గర ఉండటం పిడుగు ఒక్కదాని కోసమే కాదు. తాళం జేబులో ఉన్న మనిషి ఎదురుచూడటం లేదు, తన ఇష్టానికి ఉన్నాడు. విసుగొస్తే వెళ్ళి కార్లో కూర్చుంటాడు. తాళం లేని మనిషి బందీ. అందుకే "మీరూ రండి, వెతకండి, బాగుంటుంది" అని బలవంతపెట్టొద్దు. సంచీ మోయించొద్దు, ఫోటోలు తీయమని నిలబెట్టొద్దు. ప్రతి రాయికీ పిలవొద్దు. ఒక్కో విడతకు ఒక్క రాయి చూపించు, ఆయన అడిగితే రెండోది. మడత కుర్చీ, పెద్ద గొడుగు, ఆయన చదువుకునేదేదైనా పెట్టుకో. ఉరుము వినిపిస్తే మాత్రం గొడుగు ముడిచేయాలి.

పొద్దున పూట నీది, మధ్యాహ్నం ఆయనది. ఆ మాట మీద నిలబడు. ఆయన పూటలో రోడ్డు పక్కన కొండ కోసిన చోటు కనిపించినా "ఒక్క నిమిషం ఆపండి" అనకు. ఆ ఒక్క నిమిషమే ఎన్నో ఇళ్ళలో రాళ్ళ పెట్టెలను అటకెక్కించింది. గుంతకల్లులోనో గుత్తిలోనో బస చేస్తే పొద్దున్నే వేడి వేడి ఉగ్గాణి, బజ్జి దొరుకుతుంది. అది తినకుండా ఆయన్ని చేలోకి లాక్కెళ్ళకు. పాత కట్టడాలంటే ఆయనకు ఇష్టమని విన్నాను. అలా అయితే ఎర్రగుడి ఆ దారిలోనే ఉంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అందులో ఒకదాంట్లో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకీ చెక్కారు. ఎద్దులు దున్నుతూ మడక తిప్పినట్టు ఉంటుంది. వాటిని మొదట గుర్తించింది ఒక భూగర్భ శాస్త్రవేత్తే. అల్లుడు గారు ఆ బండ మీద అక్షరాలు చూస్తుంటే నువ్వు రాయిని చూడొచ్చు, కానీ అక్కడి నుంచి పిసరంత ముక్క కూడా తీయకూడదు. అది రక్షిత స్థలం. మర్నాడు గుత్తి కోట ఎక్కండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కాలి గనక ఆ రోజు పొద్దుపూట కూడా ఆయనకే ఇచ్చేయి.

ఏదైనా మెరిసే రాయి దొరికితే సుత్తి తీయకు. వజ్రమైతే పగలదని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వజ్రం గీతకు లొంగదు గానీ దెబ్బకు లొంగుతుంది. దానికి నాలుగు దిక్కుల్లో చీలే తలాలున్నాయి, సరిగ్గా ఆ వాలున తగిలితే నిలువునా రెండు ముక్కలవుతుంది. పలుగురాయి మీద కొట్టినా దాని పెచ్చులు గాజుముక్కల్లా కంట్లో పడతాయి, పక్కన నిలబడ్డ మనిషి కంట్లో కూడా. బసకు తెచ్చి తూచు. మిల్లీగ్రాముల దాకా అక్కర్లేదు, గ్రాములో నూరో వంతు చూపే చిన్న కాటా చాలు. ముందు రాయిని తూచి రాసుకో. తర్వాత కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి అంకెను సున్నా చేసి, రాయిని దారానికి కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్ళలో ముంచి పట్టుకో. ఇప్పుడు కనిపించే అంకెతో మొదటి బరువును భాగించు. 5.30 గ్రాముల రాయికి నీళ్ళలో 2.00 చూపిస్తే 2.65 వచ్చింది, అది పలుగురాయి. 3.52 దగ్గర వస్తే అది వజ్రం కావచ్చు, భూతద్దంలో ముఖాల మీద చిన్న చిన్న త్రికోణాలు కనిపిస్తాయేమో చూడు. అప్పుడు కూడా చేలో ఎదురైన వ్యాపారి చెప్పిన మాటకు ఇచ్చేయకు. గనుల శాఖ వాళ్ళను అడిగాకే ఏదైనా. లెక్కలంటే చెయ్యి తిరిగిన మనిషి అల్లుడు గారు. కాటా బల్ల మీద పెట్టి ఊరుకో. ఆయనంతట ఆయన అడిగితే అంకెలు చదివి వినిపించు.

ఇంటికి తెచ్చేవి ఇద్దరూ కలిసి ముందే అనుకున్న డబ్బా దాటకూడదు. వంటింటి సింకులో కడగొద్దు, ఎర్రమట్టి గొట్టంలో గట్టిపడుతుంది. బయట బకెట్లో కడిగి, తేరాక మట్టిని మొక్కల్లో పోయి. తుప్పు మరకలకు ఆక్సాలిక్ ఆమ్లం వాడమని ఎవరో ఒకరు చెప్తారు. అది విషం. నాతో మాట్లాడకుండా ఇంట్లోకి తేవద్దు.

పెద్దమ్మ పక్కనే కూర్చుని ఇదంతా చదివించుకుంది. ఒక్క మాట కలపమంది: ఆయనకు రెండో టోపీ పెట్టమని, మగవాళ్ళు టోపీ మర్చిపోతారని. ప్రతి మధ్యాహ్నం బసకు చేరగానే ఫోన్ చెయ్యి. ఆవిడే ఎత్తుతుంది. ముందు ఆకాశం ఎలా ఉందో చెప్పు, రాళ్ళ సంగతి తర్వాత నాకు చెబుదువుగాని.

మీ పెదనాన్న