రోజూ పొద్దున్నే 2012!

ప్రశ్న: మాది జిరాక్స్, డీటీపీ షాపు. సిస్టమ్ కొని పదేళ్లు దాటింది. ఈమధ్య పొద్దున ఆన్ చేయగానే తేదీ 2012 జనవరి 1 చూపిస్తోంది. సరిచేస్తాను, మర్నాడు మళ్లీ అదే కథ. ఏ సైట్ తెరిచినా సురక్షితం కాదంటోంది. రిపేరు షాపతను మదర్‌బోర్డు పోయిందన్నాడు, 4 వేలవుతుందట. మార్చేయమంటారా సార్? - ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: ఆగండి, తొందరపడకండి. రాత్రి షాపు మూసేటప్పుడు గోడ స్విచ్ కూడా ఆపేస్తున్నారు కదా? ఒక్క రాత్రి దాన్ని ఆన్‌లోనే ఉంచి, సిస్టమ్ మాత్రం షట్‌డౌన్ చేసి వెళ్లండి. పొద్దున టైము సరిగ్గా ఉంటే మదర్‌బోర్డు మీదున్న బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ లోపలి గడియారం దాంతోనే నడుస్తుంది, అది ఆగాక ఆ బిళ్లే దిక్కు. ఆన్ చేయగానే నల్ల స్క్రీన్ మీద ఎఫ్1 నొక్కమని అడుగుతున్నా అనుమానించాల్సింది దాన్నే.

బిళ్ల పేరు సీఆర్2032, 3 వోల్టులది. 50 రూపాయలకు అటూ ఇటూ, వాచీలు బాగుచేసే కొట్లో కూడా దొరుకుతుంది. పేరులో 20 అంటే వెడల్పు 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2. కొట్టువాడు ‘ఇదీ అదే’ అని 2025 చేతిలో పెడితే తీసుకోవద్దు, పల్చగా ఉండి వదులవుతుంది. ప్లగ్ పీకేసి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఓసారి ముట్టుకుని, పక్కనున్న క్లిప్ నొక్కితే పాతది పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి.

ఆ తర్వాత తేదీ మీరే చేత్తో సరిచేయాలి. నెట్ ఉంది కదా అదే సర్దుకుంటుందిలే అనుకోకండి, మామూలు సెట్టింగుల్లో తేడా 15 గంటలు దాటితే విండోస్ తనంతట తాను దిద్దుకోదు. సైట్ల గొడవ కూడా తేదీతోనే పోతుంది: అవి అసలైనవేనని చెప్పే సర్టిఫికెట్లకు ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువుంటుంది, మీ సిస్టమేమో 2012లో కూర్చుని అవి ఇంకా పుట్టనేలేదంటోంది. అన్నట్టు, ఈ రోజుల్లో వేసిన బిల్లులు ఏ తేదీతో సేవ్ అయ్యాయో ఓసారి చూసుకోండి, ఆ తలనొప్పి బ్యాటరీ కంటే పెద్దది.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ ఉన్నాయి. ఉబుంటు వాడి విండోస్‌లోకొస్తే టైము ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. ఇదీ బ్యాటరీయేనా? - ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: కాదు. సరిగ్గా ఐదున్నరే అన్నారు చూడండి, అక్కడే దొరికిపోయింది, అది మన టైముకూ యూటీసీకీ (ప్రపంచమంతా లెక్కకు వాడే ఉమ్మడి టైము) ఉన్న తేడా. ఉబుంటు లోపలి గడియారంలో యూటీసీ రాస్తుంది, విండోస్ దాన్ని మన టైమనుకుని చదువుతుంది. ఉబుంటునే లోకల్ టైము రాసేలా మార్చండి, టెర్మినల్‌లో ఒక్క లైను కమాండ్‌తో అయిపోతుంది.