చేతులు ఏం చేస్తున్నాయో రాయి

ప్రియమైన మిత్రమా,

కచేరీ గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష సాఫీగా నడిచింది, పాట మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ కనిపించింది. కానీ ‘ఎలక్ట్రానిక్ పాటను ఆ బృందం వేదిక మీద అచ్చుగుద్దినట్టు వాయించింది’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఎవరు ఏం వాయించారు? యంత్రం వాటా ఎంత? పాఠకుడు వెతికేది అదే, నీ వ్యాసంలో దొరకనిదీ అదే.

కంప్యూటర్‌లో తయారైన పాట మనిషి ఒంటిని దృష్టిలో పెట్టుకుని పుట్టదు. అందులో బేస్, అంటే పాటకు అడుగున నడిచే లోతైన స్వరాల వరస, అలసిపోదు, గొంతు ఊపిరి తీసుకోదు. దాన్ని నలుగురు కలిసి వాయించాలంటే ఏది చేతులకు అప్పగించాలో, ఏది యంత్రానికి వదలాలో ముందు తేల్చుకోవాలి. ఒక బృందం అభిరుచి ఏమిటో నాకు తెలిసేది ఆ పంపకంలోనే.

బేస్‌నే తీసుకో. పాట వేగం నిమిషానికి 120 దెబ్బలు, దెబ్బకు నాలుగు స్వరాలు అనుకుందాం. అంటే సెకనుకు 8 స్వరాలు. పాట పొడుగునా ఒకే బలంతో అలా మీటడం ఏ వేళ్లకైనా కష్టమే. అందుకు ఒక ఉపాయం ఉంది. బేస్ వాద్యకారుడు సగం స్వరాలే మీటుతాడు. కాలి దగ్గరున్న డిలే పెడల్ ఒక్కో స్వరాన్నీ 125 మిల్లీసెకన్ల తర్వాత మళ్లీ వినిపించి ఖాళీలు నింపుతుంది. 1977లో డోనా సమ్మర్ పాడిన ‘ఐ ఫీల్ లవ్’ కోసం సంగీత నిర్మాత జార్జియో మొరోడర్ బృందం మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యంపై నడిచే బేస్‌కు ఇలాగే ప్రతిధ్వని జోడించింది. అదే పాటలో కాలి పెడల్‌తో కొట్టే కిక్ డ్రమ్‌ను మాత్రం కీత్ ఫోర్సీ అనే డ్రమ్మర్ వాయించాడు. యంత్రాల పాట అని లోకం చెప్పుకునే పాటలో కూడా ఒక మనిషి కాలు ఉంది. ఇది యంత్రం, ఇది మనిషి అని గీత గీసే తొందరలో ఉన్నప్పుడు దీన్ని గుర్తు చేసుకో.

ఇక ఆ ఉపాయంలోని ప్రమాదం. డ్రమ్మర్ ఉత్సాహం పట్టలేక వేగాన్ని 130కి తీసుకెళ్లాడనుకో. స్వరానికీ స్వరానికీ మధ్య ఉండవలసిన దూరం దాదాపు 115 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. పెడల్ మాత్రం 125 దగ్గరే ఉంటుంది. ప్రతిధ్వని వెనకబడి, బేస్ తడబడుతున్నట్టు వినిపిస్తుంది. తప్పు బేస్ వాద్యకారుడిది కాకపోయినా చూసేవాళ్లు అతన్నే అంటారు. అందుకే చాలామంది డ్రమ్మర్లు వేగం తప్పకుండా టిక్ టిక్‌మని లెక్క చెప్పే క్లిక్‌ను చెవిలో పెట్టుకుంటారు. నువ్వు వేదిక ముందు నిలబడినప్పుడు మొదట డ్రమ్మర్ చెవి వైపు చూడు. అక్కడ ఇయర్‌ఫోన్ ఉంటే దాంట్లో ఏం వినిపిస్తోందో తర్వాత అడుగు.

రికార్డులో కిక్ పడ్డ ప్రతిసారీ వెనకున్న తీగల శబ్దం ఒక్క క్షణం తగ్గి మళ్లీ పైకి లేస్తుంది, విన్నావు కదా? స్టూడియోలో శబ్దం బలాన్ని అదుపు చేసే కంప్రెసర్ అనే పరికరం చేసే పని అది. వేదిక మీద కొందరు కీబోర్డు వాద్యకారులు దాన్ని వాల్యూమ్ పెడల్ మీద పాదంతో, దెబ్బ దెబ్బకూ చేస్తారు. చెప్పాలంటే నాకు ఇష్టమైన దృశ్యం ఇదే. చేతులు స్వరం పట్టుకుని నిశ్చలంగా ఉంటాయి, పాట ఊపంతా మడమలో ఉంటుంది. నీ వ్యాసంలో కీబోర్డు వాయించిన అమ్మాయి గురించి ‘అద్భుతం’ అని ఒక్క మాట రాసి వదిలేశావు. ఆమె పాదం చూశావా?

లాప్‌టాప్ కనిపించగానే మోసం అనకు. పాటలోని కొన్ని శబ్దాల పొరలు ముందే సిద్ధం చేసుకోవడంలో తప్పు లేదు. అయితే ఆ సంగతి పాఠకుడికి చెప్పాలి. నేను పట్టించుకునే ప్రశ్న వేరు: జనం ఊగిపోతున్నారని బృందం ఆ ఘట్టాన్ని ఇంకాస్త సాగదీయగలదా? మొదటి నుంచి చివరి దాకా ముందే రికార్డు చేసిన ఒకే ట్రాక్ నడుస్తుంటే సాగదీయలేదు. మళ్లీ మళ్లీ తిరిగే చిన్న చిన్న ముక్కలుగా, అంటే లూపులుగా విడగొట్టి, కాలి స్విచ్‌తో మార్చుకుంటుంటే సాగదీయగలదు. రేడియోహెడ్ బృందం ‘ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్’ పాడేటప్పుడు గాయకుడు థామ్ యార్క్ గొంతును తోటి వాద్యకారుడు జానీ గ్రీన్‌వుడ్ అక్కడికక్కడే యంత్రంలో పట్టి, ముక్కలు చేసి తిప్పుతాడు. అక్కడ యంత్రం కూడా ఒక వాద్యమే, దాన్ని వాయించే మనిషి కళ్లెదుటే ఉన్నాడు.

కచేరీకి వెళ్లే ముందు రికార్డును హెడ్‌ఫోన్లలో విని ఏయే పొరలున్నాయో కాగితం మీద రాసుకో. వీలైతే కచేరీకి ముందు శబ్దం సరిచూసుకునే సౌండ్ చెక్‌కు వెళ్లు. అప్పుడు ఒక్కొక్కరూ విడిగా వాయిస్తారు కాబట్టి, కలిసిపోయాక పట్టుకోలేని సంగతులు అక్కడ దొరుకుతాయి. సౌండ్ ఇంజనీర్‌తో మాట్లాడకుండా తిరిగి రాకు.

మూడో పేరా మళ్లీ రాసి పంపు. ఆ బేస్ వాద్యకారుడు అన్ని స్వరాలూ మీటాడా, సగమే మీటాడా అన్నది కనుక్కుని రాయి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి