పిల్లలు గడగడా చదువుతారు, అర్థం అడిగితే చెప్పలేరు. క్లాసులో ఏం చేయాలి?

మీ ఐదో తరగతి పిల్లలు పాఠం తప్పుల్లేకుండా చదువుతారు గానీ ప్రశ్న కాస్త తిప్పి అడిగితే నోరు విప్పరని, అర్థం చేసుకుంటూ చదవడం ఎలా నేర్పాలని అడిగారు. నేను పన్నెండేళ్లుగా ఈ వయసు పిల్లలకే చెప్తున్నాను. మొదటి నాలుగైదేళ్లు నాదీ ఇదే బాధ.

అప్పట్లో పాఠం చదివించి, కింద ఉన్న ప్రశ్నలు అడిగేదాన్ని. జవాబు వస్తే అర్థమైందనే అనుకునేదాన్ని. ఈ వాక్యం చూడండి: "నిన్న సాయంత్రం డింపరి చలుగులో గిముడింది." డింపరి ఎక్కడ గిముడింది? చలుగులో. ఎప్పుడు? నిన్న సాయంత్రం. ఒక్క ముక్క అర్థం కాకుండానే రెండు మార్కులూ వచ్చేశాయి. పిల్లలు చేసేదీ ఇదే. ప్రశ్నలోని మాటను పాఠంలో వెతికి, దాని పక్కనున్నది అప్పజెప్తారు. వాళ్లను ఏమనగలం? మనం అడిగే ప్రశ్నలకు అంతే సరిపోతోంది.

డొలోరెస్ డర్కిన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1978–79లో ప్రచురించిన అధ్యయనం గురించి చదివినప్పుడు నాకు నా క్లాసే కళ్ల ముందు కనబడింది. నాలుగో తరగతి రీడింగ్ క్లాసులను 4,469 నిమిషాల పాటు గమనిస్తే, అర్థం చేసుకోవడం ఎలాగో నేర్పింది 20 నిమిషాలే. నేనూ రోజూ పరీక్ష పెట్టి, దాన్నే పాఠం చెప్పడం అనుకున్నాను.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది, చదివేటప్పుడు నా బుర్రలో ఏం జరుగుతోందో పైకి చెప్పడం. ఉదాహరణకు బోర్డు మీద ఇలా రాస్తాను: "తలుపు తీసిన అమ్మ అతని కాళ్ల వంక చూసింది. ఏమీ అనకుండా లోపలికెళ్లి బకెట్‌తో నీళ్లు తెచ్చింది." తర్వాత పైకే అనుకుంటాను: "కాళ్ల వంక ఎందుకు చూసింది? దెబ్బ తగిలిందా? బకెట్ అంటే కడగడానికేమో. అయితే బురద అయ్యుంటుంది. బురద అన్న మాట ఇక్కడ ఎక్కడా లేదు, నేనే ఊహించాను. ఏమీ అనలేదంటే కోపమా, అలవాటైపోయిందా? అది ఇంకా తెలీదు, ముందుకెళ్లి చూద్దాం." పెద్దవాళ్లు కూడా ఆగుతారని, తప్పుగా అనుకుని సరిదిద్దుకుంటారని చాలామంది పిల్లలకు అప్పటిదాకా తెలియదు. అందుకే నాకు నిజంగా కొత్తగా ఉన్న పేరా తెచ్చుకుని, తడబడితే తడబడినట్టే చూపిస్తాను.

ఆ తర్వాత పెన్సిల్ వాళ్ల చేతికిస్తాను. అర్థం తెగిపోయిన చోట చిన్న గీత పెట్టాలి. మొదట్లో ఎవరూ పెట్టరు, రాదని తెలిసిపోతుందని టెన్షన్. గీత పెట్టిన పిల్లను మెచ్చుకుని, ఆ వాక్యాన్నే అందరం కలిసి విప్పుతాం. వెనక్కెళ్లి మళ్లీ చదవడం, "వాడు" అంటే ఎవరో చూసుకోవడం, తెలియని మాటకు చుట్టుపక్కల వాక్యాల్లో ఆధారం వెతకడం అక్కడే నేర్పుతాను.

ఇది కుదిరాక గుంపుల్లోకి దిగండి. పలింక్సార్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లో రాసిన పద్ధతి సరిగ్గా మీరు చెప్పిన పిల్లల కోసమే, అంటే చదవగలిగీ అర్థం పట్టుకోలేని పిల్లల కోసం. ఒక్కో పేరాకు ఒక్కో పిల్లవాడు టీచర్ అవుతాడు: ప్రశ్న అడుగుతాడు, అర్థం కానిది తేల్చుకుంటాడు, సారాంశం చెప్తాడు, తర్వాత ఏం రావచ్చో ఊహిస్తాడు. నాలుగూ ఒకేసారి పెట్టకండి. నేను అలా పెట్టి, పిల్లలు ఆ పేర్లు బట్టీపట్టడం చూశాను. ఒక్కో దానికి రెండు మూడు వారాలు ఇవ్వండి.

విషయం బొత్తిగా తెలియకపోతే ఈ మెళకువలేవీ ఎక్కువ దూరం తీసుకెళ్లవు. 1988లో రెక్ట్, లెస్లీ చేసిన ప్రయోగంలో, బేస్‌బాల్ గురించి బాగా తెలిసిన వెనకబడిన పాఠకులు, ఆ ఆట తెలియని మంచి పాఠకుల కంటే బేస్‌బాల్ కథను మెరుగ్గా గుర్తుంచుకున్నారు. అందుకే పాఠం తెరిచే ముందు ఒక పది నిమిషాలు ఆ విషయం మీద మాట్లాడతాను, వస్తువో బొమ్మో ఉంటే చూపిస్తాను.

ఎవరైనా ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటూ ఉంటే వాళ్లకు విడిగా రోజూ చదివే సాధన కావాలి. వాళ్లను గుంపులోంచి మాత్రం తీసేయకండి. పేరా మీరు చదివి వినిపించండి, ప్రశ్న వాళ్లను అడగనివ్వండి.