తోటివాళ్లను చదివితేనే బ్లాగు

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. పంపిన లంకెలన్నీ తెరిచి నీ బ్లాగు టపాలు మొదటి నుంచి చివరిదాకా చదివాను. నెలల తరబడి రాస్తున్నా చదివేవాళ్ల జాడ లేదని, వ్యాఖ్యల పెట్టె ఖాళీగా ఉంటోందని, ఇదంతా ఆపేసి ఇన్‌స్టాగ్రామ్‌కు పోవాలా అని అడిగావు. ఆపవద్దు. నీ రాతలో సత్తువ ఉంది. లోటు వేరేచోట ఉంది. నీ టపాల్లో ఎక్కడా ఇంకో బ్లాగు పేరు లేదు, ఒక్క లంకె లేదు, ఫలానా వాళ్లు ఇలా రాశారు అన్న మాట లేదు. నీలాగే రాస్తున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లను నువ్వు చదవడం లేదు. నిన్ను వాళ్లు ఎలా కనుక్కుంటారు?

తెలుగులో బ్లాగులు ఎలా నిలదొక్కుకున్నాయో కొంచెం చెబుతాను. నీకు ఇప్పుడు ఫోనులో తెలుగు రాయడం ఊపిరి తీసుకున్నంత తేలిక. అప్పట్లో ఒక్క వాక్యం తెర మీద సరిగా కనబడటమే పండుగ. పత్రికలు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఒకరి అక్షరాలు ఇంకొకరి కంప్యూటర్లో పిచ్చిగీతలుగా కనబడేవి. అన్ని కంప్యూటర్లకూ ఒకే అక్షర సంకేతాలు ఇచ్చే యూనికోడ్ వచ్చాక, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి, విడిగా పోతన వంటి ఫాంట్లు చేతికొచ్చాక దారి పడింది. 2006 ప్రాంతంలో లేఖిని వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు కనబడే ఆ పేజీ వల్ల టైపు నేర్చుకోని వాళ్లు కూడా రాయడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే కూడలి, ఆ తర్వాత జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు పుట్టాయి. ఎవరు కొత్త టపా రాసినా అక్కడ వరుసలో కనబడేది.

అప్పటి లెక్కలు చూస్తే పాఠకులు చాలా కొద్దిమంది. అయినా ఆ కొద్దిమందిలో ప్రతివాళ్లూ రాసేవాళ్లే. పొద్దున ఒకరు తమ ఊరి సంతను గురించి రాస్తే, రాత్రికి ఎక్కడో అమెరికాలో ఉన్న ఇంకొకరు తమ తాలూకా సంతను గురించి టపా కట్టేవారు. మొదటి టపాకు లంకె ఇచ్చి, అందులో లేని విషయం తను చేర్చేవారు. ఒకరి వల్ల ఇంకొకరి జ్ఞాపకం కదిలేది. బ్లాగు రాయడమంటే నాకు తెలిసి ఇదే. తన గదిలో తాను రాసుకునేది డైరీ. దానికీ విలువ ఉంది కానీ అది వేరే పని.

ఈ తోడు ఎంత దూరం తీసుకుపోతుందో చూడాలంటే శంకరాభరణం బ్లాగు తెరిచి చూడు. రోజూ ఒక సమస్య ఇస్తారు, కవులు వ్యాఖ్యల్లోనే పద్యాలతో పూరిస్తారు. గణం తప్పితే, యతి కుదరకపోతే తోటివాళ్లు అక్కడే చెబుతారు, రాసినవాళ్లు సవరించి మళ్లీ పెడతారు. ఏళ్ల తరబడి సాగుతున్న ఆ వరుసలో కందం కూడా నడపలేని స్థితి నుంచి శార్దూలం చక్కగా రాసే స్థాయికి వచ్చినవాళ్లున్నారు. ఏ కాలేజీ కట్టకుండా, ఏ ఫీజు లేకుండా జరిగిన చదువు అది. నువ్వు పద్యం రాయకపోయినా సరే, పాత సమస్యలు కొన్ని తెరిచి ఆ వ్యాఖ్యలు చదువు. ఒకరి రాతను ఇంకొకరు మర్యాదగా, సూటిగా దిద్దడం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

తర్వాత సంకలినులు చాలావరకు కనుమరుగయ్యాయి. నచ్చిన బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చూపించే గూగుల్ రీడర్ 2013 జూలై 1న మూతపడింది. జనం ఫేస్‌బుక్‌కు తరలిపోయారు. అక్కడ ఇవాళ రాసింది వారం తర్వాత రాసినవాళ్లకే దొరకదు. కాబట్టి నీ కాలంలో ఎవరూ వరుస కట్టి చూపించరు, నీ వరుస నువ్వే కట్టుకోవాలి. అందుకు పెద్ద కష్టం లేదు. అలాంటి పనే చేసే ఫీడ్ రీడర్ ఒకటి ఫోనులో పెట్టుకో. వర్డ్‌ప్రెస్ బ్లాగు అయితే చిరునామా చివర /feed అని చేరిస్తే సరిపోతుంది, బ్లాగర్‌వి చాలా రీడర్లు వాటంతట అవే పట్టుకుంటాయి. వందల బ్లాగులు పెట్టుకోవద్దు. పది, పన్నెండు చాలు. అందులో నీ విషయం రాసేవాళ్లు సగం ఉండనీ. మిగతా సగం నీకు సంబంధం లేనివి, వంటలు, పాత సినిమాలు, పురుగుల ఫొటోలు, ఏవైనా సరే, మంచి తెలుగు రాసేవాళ్లవి ఉండనీ. నీ బ్లాగులో ఒక పక్కన ఆ పేర్లన్నీ లంకెలతో పెట్టు. నీ దగ్గరికి వచ్చినవాళ్లకు ఇంకో ఇల్లు చూపించడం మన వాడకట్టు మర్యాద.

ఇక వ్యాఖ్య రాయడం. దీని మీద ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇక్కడే స్నేహాలు పుడతాయి, ఇక్కడే చెడతాయి.

"బాగుంది", "సూపర్", దండం బొమ్మ. వీటి వల్ల రాసినవాళ్లకు ఒక్క క్షణం సంతోషం, అంతే. పొగడ్త కూడా పని చేయాలి. ఏ వాక్యం బాగుందో చెప్పు, ఎందుకు నిలిచిపోయిందో చెప్పు. నీ టపానే తీసుకో. చీర నేతకు ముందు చేసే ఆసు పోయడం గురించి రాశావు కదా, మీ నానమ్మ అర్ధచంద్రం చెక్కకు కొట్టిన మేకుల చుట్టూ నూలు తిప్పుతూ ఉంటే భుజం పట్టేసేదని. నేనైతే ఆ టపా కింద ఇలా అడుగుతాను: ఆసు యంత్రం మీ ఇంటికి ఎప్పుడొచ్చింది? వచ్చిన మొదటిరోజు మీ నానమ్మ ఏం చేసింది? ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాల్సిన పని అది. చింతకింది మల్లేశం తన తల్లి పడే బాధ చూడలేక ఏళ్లు తంటాలు పడి 1999లో ఆ యంత్రం తయారుచేశాడు. ఆమె పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. అతని ఊరు మీ భువనగిరి పక్కనే. నీ టపా చదివిన నాలాంటి వాళ్లు ఇలాంటి ప్రశ్న వేస్తే నీకు ఇంకో టపా పుడుతుంది. మంచి వ్యాఖ్య అంటే రాసినవాళ్ల చేత మళ్లీ రాయించేది. నువ్వు ఇతరుల దగ్గర అలాంటి ప్రశ్నలు అడుగు. అడిగిన చోటల్లా నిన్ను గుర్తుపెట్టుకుంటారు. వ్యాఖ్య చివర "నా బ్లాగు కూడా చూడండి" అని మాత్రం ఎప్పుడూ రాయకు. నీ పేరు మీద నొక్కితే నీ బ్లాగుకు దారి దొరుకుతుంది, ఆసక్తి ఉన్నవాళ్లు వాళ్లే వస్తారు.

తప్పు కనబడితే? అచ్చుతప్పు అయితే మెయిల్ రాయి, నలుగురిలో వద్దు. విషయంలో తప్పు అయితే వ్యాఖ్యలోనే చెప్పాలి, ఎందుకంటే అక్కడ చదివే మూడోవాళ్లకు కూడా అది తెలియాలి. చెప్పేటప్పుడు నీకు ఎలా తెలుసో కూడా చెప్పు. "మా ఇంట్లో చిటికి (రంగు అంటకుండా నూలుకు వేసే కట్లు) కట్టేటప్పుడు ముందు ఇలా చేస్తారు, మీరు రాసిన పద్ధతి పుట్టపాకలో ఉందేమో" అంటే అవతలివాళ్లు నొచ్చుకోరు, పైగా తేలియా రుమాలు నేసే ఆ ఊరి పద్ధతి వెతకడానికి బయలుదేరుతారు.

నీ వ్యాఖ్యల పెట్టెకు కాపలా నువ్వే. అజ్ఞాతంగా వచ్చి బూతు రాసేవాళ్లు, కులం పేరు తీసేవాళ్లు, ప్రాంతం పేరుతో ఎత్తిపొడిచేవాళ్లు వస్తారు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగిన రోజుల్లో మంచి మంచి బ్లాగుల కింద వ్యాఖ్యలు ఎంత వేడెక్కాయో నేను చూశాను. వాదన ఉన్నచోట వాదన ఉండనివ్వాలి, ఆ ఉద్యమం గురించి వాదించుకోవాల్సిందే. మనిషిని తిట్టేది మాత్రం తీసేయి, కారణం చెప్పనక్కర్లేదు, బాధపడనక్కర్లేదు. పేరు పెట్టుకుని విభేదించినవాళ్ల మాట ఎంత చేదుగా ఉన్నా ఉంచు. జవాబు పెద్దదైతే వ్యాఖ్యలో కుక్కకుండా ఇంకో టపాగా రాయి. ఒక రాత్రి గడిచాక రాయి.

తోటివాళ్ల రాత వాడుకునేటప్పుడు రెండు మూడు వాక్యాలు ఉటంకించి, పేరు చెప్పి, లంకె ఇవ్వు. ఫొటో అయితే అడిగి తీసుకో. మన టపాలు పేరు తీసేసి వాట్సాప్‌లో తిరగడం, ఎవరో వెబ్‌సైట్లో అచ్చంగా అతికించుకోవడం నీకూ జరుగుతుంది. అది తప్పని గట్టిగా చెప్పాలంటే ముందు మన చేతులు శుభ్రంగా ఉండాలి.

ఇప్పుడు నీ రాత గురించి. నీ టపాల్లో నాకు ఆసు టపా అన్నిటికంటే నచ్చింది. "మన ఘనమైన చేనేత వారసత్వం" అన్నది నచ్చలేదు. అందులో ఉన్న ప్రతి వాక్యమూ ఆగస్టు 7 చేనేత దినోత్సవం నాడు ఏ వేదిక మీదైనా వినబడుతుంది. మీ ఇల్లు అందులో లేదు, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న మీ నాన్న లేడు, రంగు అద్దకం రోజున పెరట్లో వచ్చే వాసన లేదు. నీకు మాత్రమే తెలిసింది రాయి. వారసత్వం ఘనమైనదని చదివేవాళ్లు అనుకుంటారు, నువ్వు చెప్పనక్కర్లేదు.

శీర్షికలు మార్చు. "నా ఆలోచనలు 3" అని పెడితే ఆసు గురించి వెతికే పిల్లకు నీ టపా ఏనాటికీ దొరకదు. విషయం పేరు, ఊరి పేరు శీర్షికలో ఉండాలి. ఇంకొకటి, నువ్వు రెండుచోట్ల వాక్యాలను రంగు కాగితం మీద రాసినట్టు బొమ్మగా చేసి పెట్టావు. చూడటానికి అందంగా ఉన్నాయి. కానీ బొమ్మలో ఉన్న అక్షరం వెతుకులాటలో దొరకదు, చూపులేనివాళ్లకు చదివి వినిపించే యంత్రానికి అందదు. పాత ఫాంట్ల రోజుల్లో తెలుగు ఇలాగే ఎవరికీ దొరకకుండా పోయేది. అక్షరాన్ని అక్షరంగానే ఉంచు.

పాత టపాల దగ్గరికి మళ్లీ వెళ్లు. అచ్చు పుస్తకానికి లేని సౌకర్యం బ్లాగుకు ఉంది, ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. భాష సవరిస్తే చెప్పనవసరం లేదు. విషయం మారిస్తే మాత్రం కింద తేదీ వేసి ఏం మార్చావో ఒక వాక్యం రాయి, ఎవరు చెబితే మార్చావో వాళ్ల పేరు కూడా. అప్పటికే ఎవరో నీ పాత మాటను నమ్మి లంకె ఇచ్చి ఉంటారు. వాళ్ల కాళ్ల కింద నేల లాగేసినట్టు కాకూడదు.

వారానికి ఇన్ని అని లెక్క పెట్టుకోకు. నెలకు ఒక్కటి రాసినా సరే. రాయని వారాల్లో చదువు, ప్రశ్నలు అడుగు.

రాసినవన్నీ దాచుకో, ఇది ఈ వారమే చెయ్యి. జనం సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ 2009లో పోయింది, గూగుల్ ప్లస్ 2019లో పోయింది, యాహూ గ్రూపులు 2020లో పోయాయి. వాటితో పాటు తెలుగువాళ్ల ఎన్నో చర్చలు, ఎన్నో కథలు పోయాయి. వాటిని నడిపినవి చిన్న కంపెనీలేం కావు. నువ్వు వాడే బ్లాగర్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్తే బ్యాకప్ ఉంటుంది, టపాలూ వ్యాఖ్యలూ దించుకోవచ్చు. టపాల ఫైలులో ఫొటోలు ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి. మీ నానమ్మ ఫొటోలు విడిగా దాచు. ముఖ్యమైన టపాల చిరునామాలు వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఇచ్చి భద్రం చేయి. నీ చుట్టూ ఉన్న బ్లాగుల్లో ఎవరైనా పెద్దవాళ్లవి ఉంటే, వాళ్లకు ఈ పని తెలియకపోతే, ఒకరోజు కూర్చుని నువ్వే చేసిపెట్టు. మనిషి పోయాక పాస్‌వర్డ్ తెలియక ఆగిపోయిన మంచి బ్లాగులు చాలా ఉన్నాయి.

ఇంకో ఏర్పాటు చేశాను. నాకు తెలిసినవాళ్లలో ఉప్పాడ జాందానీ నేసే ఇంటి అమ్మాయి ఒకతె, డల్లాస్‌లో ఉంటూ సిరిసిల్ల మరమగ్గాల మధ్య గడిచిన తన చిన్నతనం రాస్తున్న అబ్బాయి ఒకడు ఉన్నారు. ఇద్దరికీ నీ ఆసు టపా పంపాను, ఇద్దరూ చదివారు. ముగ్గురూ చిత్తుప్రతులు ఒకరికొకరు పంపుకోండి. ప్రచురించే ముందు మిగతా ఇద్దరూ చదివి, అర్థం కాని చోట గీత గీసి, విసుగొచ్చిన చోట విసుగొచ్చిందని రాయాలి. అమ్మాయి చాలా సూటిగా మాట్లాడుతుంది, మొదట్లో గుచ్చుకుంటుంది, ఓర్చుకో. అబ్బాయి పొగడటం తగ్గించాలని అతనికి కూడా రాశాను. వాళ్ల మెయిల్ చిరునామాలు విడిగా పంపుతున్నాను. ముందు వాళ్ల పాత టపాలు చదివి, తలొక ప్రశ్న అడిగి, ఆ తర్వాత నీ చిత్తుప్రతి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ