కొండదారుల్లో నడిచేవారి ప్రశ్నలు: బరువు, పాదాలు, ఎత్తు, నీరు, సమయం

వీపున సంచి వేసుకుని రోజుల తరబడి కొండల్లో నడిచేవారు పంపిన ప్రశ్నల్లో, ఎక్కువమందికి పనికివస్తాయనిపించిన కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. చాలామంది ఏ వస్తువు కొనాలని అడిగారు గానీ, వారు రాసిన ఇబ్బందుల్లో అధికభాగం ప్రయాణానికి పెట్టుకున్న రోజులు చాలకపోవడం వల్ల వచ్చినవేనని ఈ ఉత్తరాలు చదివాక నాకు బలంగా అనిపించింది. అందుచేత వస్తువుల గురించి చెబుతూనే, అవకాశం ఉన్న ప్రతిచోటా సమయం గురించి కూడా చెప్పాను.

ప్రశ్న: నా బరువు 52 కిలోలు. నాలుగు రోజుల నడకకు సర్దుకుని తూచి చూస్తే సంచి 15 కిలోలు ఉంది. ఇంట్లో తగిలించుకుని తిరిగితే అరగంటకే భుజాలు లాగేస్తున్నాయి. ఇంతకంటే మంచి సంచి కొంటే సరిపోతుందా?

సంచి మార్చేముందు బరువు ఎంత ఉందో, అది శరీరంలో ఎక్కడ ఆనుతోందో చూసుకోవాలి. రాత్రిళ్లు దారిలోనే బస చేసే నడకల్లో సంచి బరువు మన బరువులో అయిదో వంతు దాటకూడదన్నది నడిచేవారు చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. ఆ లెక్కన మీకు పది కిలోల పైచిలుకు తగిన బరువు. మీరు మోస్తున్నది మీ బరువులో నాలుగో వంతుకు మించిపోయింది. కండబలం, అలవాటు బట్టి ఈ హద్దు కొంత అటూఇటూ అవుతుంది గానీ, అంత తేడాను ఏ సంచీ సర్దలేదు.

ప్రతి వస్తువునూ విడిగా తూచి కాగితం మీద రాసుకోండి. గుడారం, స్లీపింగ్ బ్యాగ్, ఖాళీ సంచి, ఈ మూడే సాధారణంగా అన్నిటికంటే బరువైనవి. గుడారాన్ని తోటివారితో పంచుకుంటున్నట్లయితే గుడ్డ ఒకరు, కర్రలు, మేకులు మరొకరు మోయవచ్చు. ఆ తరువాత "ఎందుకైనా మంచిది" అని పెట్టుకున్న బట్టలు చూడండి: నడవడానికి ఒక జత, పడుకోవడానికి పొడిగా దాచుకునే మరొక జత, మార్చుకోవడానికి మేజోళ్లు ఉంటే నాలుగు రోజులకు చాలు. వాన కోటు, వెచ్చని పై బట్ట, తలకు కట్టుకునే దీపం, మందులు మాత్రం బరువు తగ్గించే నెపంతో తీసివేయవద్దు.

భుజాలు అరగంటకే లాగుతున్నాయంటే నడుం పట్టీ తన పని చేయడం లేదని కూడా అనుమానించాలి. సరిగ్గా కుదిరిన సంచిలో బరువులో అధికభాగం తుంటి ఎముకల మీద ఆనాలి. భుజాల పట్టీలు సంచి వెనక్కి వాలకుండా పట్టి ఉంచడానికే ప్రధానంగా పనికివస్తాయి. తల వంచినప్పుడు మెడ అడుగున ఉబ్బెత్తుగా తగిలే ఎముక నుంచి, తుంటి ఎముకల పైఅంచుల మట్టం దాకా టేపుతో కొలిపించుకోండి. సంచి సైజు ఈ కొలతను బట్టి ఎంచుకోవలసినది, మనిషి పొడవును బట్టి ఎంచుకుంటే తరచుగా తప్పుతుంది. తగిలించుకునేటప్పుడు ముందుగా నడుం పట్టీని తుంటి ఎముకల మీదకు తెచ్చి బిగించి, ఆ తరువాతే భుజాల పట్టీలు లాగాలి. పట్టీ పొట్ట మీదకు ఎక్కి ఉంటే బరువంతా భుజాలకు పోతుంది. సర్దేటప్పుడు తేలికైన స్లీపింగ్ బ్యాగ్ అడుగున, బరువైన ఆహారం, వంట సామగ్రి వీపుకు ఆనుకుని మధ్యలో, వాన కోటు వంటి తక్షణం అవసరమయ్యేవి పైన ఉండాలి.

ప్రశ్న: ఖరీదైన కొత్త బూట్లు కొన్నా మడమల మీద బొబ్బలు తప్పడం లేదు. దిగేటప్పుడు కాలి వేళ్లు కూడా నొస్తున్నాయి. లోపం బూట్లదా, నా పాదాలదా?

అడుగు వేసిన ప్రతిసారీ లోపల ఎముక కదులుతుంది, పైచర్మం మాత్రం మేజోడుకు అంటుకుని నిలిచిపోతుంది. ఆ రెంటి నడుమ సాగి సాగి చర్మపు పొరలు విడిపోయినప్పుడు బొబ్బ పుడుతుంది. చెమటతో తడిసిన చర్మం మరింత గట్టిగా అంటుకుంటుంది కాబట్టి తడి దీనికి పెద్ద తోడు. నూలు మేజోళ్లు తడిని పట్టి ఉంచుతాయి. ఉన్నివి గానీ కృత్రిమ దారంతో నేసినవి గానీ వాడండి.

వేళ్ల నొప్పి బూటు పొట్టిదని చెబుతోంది. నడిచేకొద్దీ పాదాలు ఉబ్బుతాయి. అందువల్ల బూట్లు సాయంత్రం పూట, నడకలో వేసుకునే మేజోళ్లతోనే కొలుచుకోవాలి. అన్నిటికంటే పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, ఏటవాలులో కిందివైపు తిరిగి నిలబడినప్పుడు వేళ్లు ముందు భాగానికి తగలకూడదు. కొత్త బూట్లతో నేరుగా ప్రయాణానికి బయలుదేరకుండా, కొన్ని వారాలపాటు బరువున్న సంచితో నడిచి వాటిని పాదాలకు అలవాటు చేయండి.

చర్మం మీద ఎక్కడైనా మంట మొదలైన క్షణమే ఆగడం అన్నిటికంటే ముఖ్యం. బృందాన్ని ఆపడానికి మొహమాటపడి గంటసేపు ఓర్చుకున్నవారు ఆ తరువాత రెండు రోజులు కుంటుతూ అందరినీ ఆపుతారు. బూటు విప్పి, పాదం ఆరనిచ్చి, మంట ఉన్నచోట మడతలు పడకుండా టేపు అంటించండి. చిన్న బొబ్బను చిదమకుండా కప్పి ఉంచితే చాలు. పెద్దదై నడవనీయకపోతే, శుద్ధి చేసిన సూదితో అంచున చిన్న రంధ్రం చేసి నీరు తీసి, పైచర్మం ఊడదీయకుండా శుభ్రమైన కట్టు కట్టాలి. మధుమేహం ఉన్నవారు ఈ పని సొంతంగా చేయకూడదు. చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వైద్యునికి చూపించాలి.

ప్రశ్న: నేను రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తుతాను. అయినా నిరుడు ఎత్తైన చోట తలనొప్పితో, వాంతులతో పడిపోయాను. ఏ వ్యాయామమూ చేయని నా మిత్రుడికి ఏమీ కాలేదు. ఈసారి మొదటి రాత్రి 2,900, రెండవ రాత్రి 3,600, మూడవ రాత్రి 4,200 మీటర్ల దగ్గర బస అనుకుంటున్నాం. ముందుగా ఇంకేమి సాధన చేయాలి?

సాధన కొనసాగించండి, కానీ అది మిమ్మల్ని ఈ అస్వస్థత నుంచి కాపాడుతుందని నమ్మవద్దు. ఎత్తుకు వెళ్లినా గాలిలో ప్రాణవాయువు పాలు 21 శాతమే ఉంటుంది. తగ్గేది గాలి పీడనం. సుమారు 5,500 మీటర్ల వద్ద అది సముద్రమట్టంలో ఉండేదానిలో సగానికి పడిపోతుంది, ఊపిరి తీసిన ప్రతిసారీ అందే ప్రాణవాయువు కూడా ఆ మేరకే తగ్గుతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు గానీ, అందుకు రోజులు పడతాయి. ఎవరికి ఎన్ని రోజులు పడుతుందన్నది చాలావరకు పుట్టుకతో వచ్చే స్వభావం. దేహదారుఢ్యం ఉన్నవారు వేగంగా ఎక్కగలరు కాబట్టి వారికే ప్రమాదం ఎక్కువయ్యే సందర్భాలున్నాయి. ఒకసారి ఇబ్బంది పడ్డవారు అదే వేగంతో ఎక్కితే మళ్లీ పడే అవకాశం ఎక్కువ.

పర్వత వైద్యంలో పాటించే నియమాలు సరళమైనవే: మొదటి రాత్రే 2,750 మీటర్లకు పైన నిద్రించకపోవడం, 3,000 మీటర్లు దాటాక రోజుకు 500 మీటర్లకు మించి బస ఎత్తును పెంచకపోవడం, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో మరొక రాత్రి గడపడం. మీ ప్రణాళికలో మొదటి రెండూ తప్పాయి, మూడవదానికి చోటే లేదు. దారిలో వీలున్నట్లయితే మొదటి రాత్రి 2,400 ప్రాంతంలో ఉండి, తరువాత 2,900, 3,400, మళ్లీ 3,400, 3,800, 4,200 చొప్పున ఆరు రాత్రులుగా మార్చుకోండి. రెండవసారి 3,400 వద్ద ఉండే రోజున పగటిపూట కొంత పైకి నడిచి వచ్చి కిందనే పడుకోవచ్చు; లెక్కలోకి వచ్చేది నిద్రించే చోటు ఎత్తు. ఆరు రాత్రులు మీకు దొరకకపోతే ఇంకా తక్కువ ఎత్తులో ముగిసే దారిని ఎంచుకోవాలని నా గట్టి సలహా.

ఎసిటజోలమైడ్ అనే మందు శరీరం అలవాటు పడడాన్ని త్వరితం చేస్తుంది. నిరుటి అనుభవం ఉంది కాబట్టి మీరు దీని గురించి వైద్యుణ్ణి అడగడం సమంజసం. పెద్దలకు నివారణ కోసం సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. మద్యం, నిద్రమాత్రలు ఊపిరిని మందగింపజేస్తాయి కాబట్టి మొదటి రోజుల్లో వాటి జోలికి పోవద్దు.

ఎత్తుకు చేరిన కొన్ని గంటల తరువాత తలనొప్పి మొదలై, దానితోపాటు వికారం, తల తిరగడం, అలవిమాలిన అలసట కనిపిస్తే, వేరే కారణం తేలేవరకు దానిని ఎత్తు వల్ల వచ్చినదిగానే భావించి పైకి వెళ్లడం ఆపాలి. మెదడు వాచినప్పుడు మనిషి ఒక పాదం మడమకు మరొక పాదం వేళ్లు తాకేలా గీత మీద నడవలేక తూలుతాడు, మాట తడబడుతుంది, అయోమయంలో పడతాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గదు, దగ్గు పెరుగుతుంది, ఒక్కోసారి నురగతో ఎర్రని కళ్లె పడుతుంది. ఈ రెండింటిలో దేని ఛాయ కనిపించినా, రాత్రయినా సరే, తోడు ఇచ్చి వెంటనే కిందికి తీసుకురావాలి. కనీసం 300 మీటర్లు, లక్షణాలు తగ్గకపోతే 1,000 మీటర్ల వరకు దిగాలి. తెల్లవారేదాకా చూద్దామన్న ఆలోచన ప్రాణం తీయగలదు. రోగి తనకేమీ కాలేదని వాదిస్తాడు. ఆ నిర్ణయం అతని చేతిలో పెట్టకూడదు.

ప్రశ్న: కొండ పైనుంచి దూకే వాగు నీరు స్వచ్ఛమైనదే కదా? వడపోత పరికరం తప్పనిసరా?

నీరు తేటగా ఉన్నంత మాత్రాన సూక్ష్మజీవులు లేవని కాదు. పైన ఎక్కడో పశువులో వన్యమృగాలో మలవిసర్జన చేసినా, జియార్డియా వంటి పరాన్నజీవులు ఆ నీటిలోకి చేరతాయి. వాటివల్ల వచ్చే విరేచనాలు వారం తరువాత, ఇల్లు చేరాక కూడా మొదలుకావచ్చు. 0.2 మైక్రాన్ల రంధ్రాలున్న వడపోత బ్యాక్టీరియాను, పరాన్నజీవులను ఆపుతుంది గానీ వైరస్‌లను ఆపదు. మనుషుల వాడకం ఎక్కువగా ఉన్నచోట వడపోత తరువాత క్లోరిన్ మాత్ర కూడా వేయడం మంచిది. సన్నని గొట్టాల రకం వడపోత ఒకసారి గడ్డకడితే లోపల పగిలిపోతుంది, పైకి ఆ సంగతి తెలియదు; చలి రాత్రుల్లో దానిని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోండి. ఇంధనం ఉంటే మరిగించడమే నిస్సందేహమైన మార్గం. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 2,000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు మరగనివ్వాలి.

దాహం వేసినప్పుడు తాగండి. దాహం లేకున్నా గంటగంటకూ లీటర్ల కొద్దీ నీరు పోసుకుంటే రక్తంలో సోడియం పలచబడి, అదొక ప్రమాదమవుతుంది.

ప్రశ్న: మైనస్ 5 డిగ్రీలకు పనికివస్తుందని రాసి ఉన్న స్లీపింగ్ బ్యాగ్‌లో సున్నా దగ్గరే వణికిపోయాను. మోసపోయానా?

ఆ మైనస్ 5 ఏ అంకెయో లేబుల్ మీద మళ్లీ చూడండి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సౌఖ్యం, హద్దు, తీవ్రత అని వేర్వేరు అంకెలు ఇస్తారు. సౌఖ్యమన్నది సగటు స్త్రీ హాయిగా నిద్రించగల ఉష్ణోగ్రత. హద్దు అన్నది సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని నెగ్గుకురాగల ఉష్ణోగ్రత. తీవ్రత కేవలం ప్రాణం నిలవడానికి సంబంధించినది. కొనేటప్పుడు సౌఖ్యపు అంకెనే చూడాలి. పైగా ఈ అంకెలన్నీ కింద తగిన పరుపు ఉందని భావించి ఇచ్చినవి. మన బరువు కింద నలిగిన ఈక గానీ దూది గానీ వెచ్చదనం ఇవ్వదు, చలి నేల నుంచే లాగేస్తుంది. సాధారణంగా ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఆరున్నర డిగ్రీల మేర చలి పెరుగుతుందన్న లెక్కతో, బస చేసే చోటి ఉష్ణోగ్రతను ముందే అంచనా వేసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు, దిగుడులో మోకాళ్లు నొస్తాయి. ఆయనతో కలిసి 15 కిలోమీటర్ల దూరం, 900 మీటర్ల ఎక్కుడు ఉన్న దారిని ఒక్కరోజులో పూర్తిచేసి తిరిగి వాహనం దగ్గరకు చేరగలమా? ఎప్పుడు బయలుదేరాలి?

స్కాట్లాండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ మంచి ఆధారం: అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరొక గంట. ఆ ప్రకారం మీ దారికి నాలుగున్నర గంటలు. అయితే ఇది దారుఢ్యం ఉన్నవారు ఆగకుండా నడిచే లెక్క. మీ నాన్నగారి నడకకు దీనిలో సగం కలపండి, ఆపైన భోజనానికి, విశ్రాంతికి గంటకు పైగా వదలండి, ఎనిమిది గంటలవుతుంది. చీకటి పడటానికి రెండు గంటల ముందే చేరేలా వెనక్కి లెక్క వేసుకుని, ఉదయం వెలుగు రాగానే బయలుదేరాలి. నడక వేగాన్ని ఆయనే నిర్ణయించాలి, ముందు ఆయనే నడవాలి. వెనకబడినవారిని ఎదురుచూసి, వారు రాగానే లేచి నడిచే బృందంలో అసలు విశ్రాంతి అవసరమైన మనిషికే అది దక్కదు.

దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపవలసి రావడం వల్ల అలసిపోతాయి, అప్పుడు భారమంతా మోకాలి మీద పడుతుంది. రెండు చేతికర్రలు ఆ భారాన్ని కొంత పంచుకుంటాయి. దిగుడులో వాటి పొడవు కొద్దిగా పెంచుకోవాలి. చిన్న అడుగులు వేస్తూ, మోకాలిని పూర్తిగా నిటారుగా బిగబట్టకుండా దిగమనండి. రెండు నెలల ముందు నుంచి మెట్లు ఎక్కి దిగడం అలవాటు చేస్తే తొడలు గట్టిపడతాయి. మోకాలు వాచినా, మడత పడినట్లు జారినా ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి.

వెనుదిరిగే సమయాన్ని బయలుదేరకముందే నిర్ణయించి అందరూ ఒప్పుకోండి. శిఖరం కంటికి కనిపిస్తున్నా ఆ సమయానికి తిరగవలసిందే. వెళ్లే దారి, తిరిగి చేరే వేళ, ఏ గంట దాటితే సహాయం కోసం కబురు చేయాలో ఇంట్లో ఒకరికి రాసి ఇచ్చి వెళ్లండి, చేరగానే వారికి తెలియజేయండి. ప్రతి ఒక్కరి సంచి పట్టీకి ఒక ఈల ఉండాలి: ఆల్ప్స్ పర్వతాల్లో మొదలైన పద్ధతి ప్రకారం నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదుతూ ఉంటే ఆపదలో ఉన్నామని అర్థం, నిమిషంలో మూడుసార్లు వినిపిస్తే విన్నామని జవాబు. కొన్ని దేశాల్లో మూడు ఊదులే ఆపద సంకేతం కాబట్టి, వెళ్లే చోట ఏది వాడుకలో ఉందో ముందుగా కనుక్కుని మీ నాన్నగారికి కూడా చెప్పండి.