మంచు కమ్మేలోపే చేరుకోండి

ప్రశ్న: నేనూ, నా ఫ్రెండూ చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాం. జనవరిలో వారం రోజులు శ్రీలంక వెళ్దామని ప్లాన్. తనకి తిమింగలాలు చూడాలని, నాకు అడవుల్లో తిరగాలని. రెండూ కుదురుతాయా?

జవాబు: కుదురుతాయండి, నెల కూడా బాగా ఎంచుకున్నారు. ఆ రోజుల్లో దక్షిణ తీరంలోని మిరిస్సా దగ్గర సముద్రం నెమ్మదిగా ఉంటుంది, పొద్దున్నే బోటెక్కితే నీలి తిమింగలం కనిపించొచ్చు. బోటువాళ్లు దాన్ని తరుముతుంటే మాత్రం వద్దని గట్టిగా చెప్పండి, ఆ మూగజీవాన్ని అలా బెదరగొట్టడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అడవికైతే సింహరాజ. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన వర్షారణ్యం. జలగలుంటాయి, పొడవాటి సాక్సులు పెట్టుకోండి.

కానీ నన్నడిగితే ఇద్దరూ కలిసి చూడాల్సింది హోర్టన్ ప్లెయిన్స్. 2,000 మీటర్లకు పైఎత్తున గడ్డి మైదానం, నడుచుకుంటూ పోతే వరల్డ్స్ ఎండ్ అనే చోట నేల ఒక్కసారిగా తెగిపోయి కింద 800 మీటర్లకు పైగా లోయ, ఉదయం తొమ్మిది, పది దాటితే తరచూ మంచు కమ్మేసి ఏమీ కనిపించదు కాబట్టి దగ్గర్లోని నువర ఎలియ ఊరి నుంచి చీకటితోనే బయల్దేరండి. చెన్నై ఎండకి అలవాటైనవాళ్లు, స్వెటర్ తప్పనిసరి. వారానికి ఈ మూడూ చాలు, యాలా నేషనల్ పార్కులోని చిరుతల్ని ఇంకోసారి చూద్దురుగాని.