ఆ వీధి మంచిది కాదంటున్నారు

ప్రశ్న: మా అమ్మాయికి షికాగో విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. సీటు వచ్చింది. క్యాంపస్‌కు దక్షిణాన ఉడ్‌లాన్‌లో అద్దె తక్కువ. నల్లజాతివారు ఎక్కువ కనుక అటు వద్దని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ భయం తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. అక్కడ తుపాకీ నేరాలు ఉన్నాయి, వాటి బాధ ముందుగా పడేది ఆ నల్లజాతి కుటుంబాలే. కానీ మీ బంధువులు చెప్పిన కారణాన్ని నేను ఒప్పుకోలేను. నల్లజాతివారికి ఇల్లు అమ్మరాదు, అద్దెకివ్వరాదు అని యజమానులు రాసుకున్న ఒప్పందాలు ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఉండేవి. వాటికి ఆ విశ్వవిద్యాలయమే అండగా నిలిచింది. అలాంటి ఒప్పందం ఉన్నచోట ఇల్లు కొన్న హాన్స్‌బెరీ అనే నల్లజాతి కుటుంబం 1940లో అమెరికా సుప్రీంకోర్టులో గెలిచింది. 1948లో మరో కేసులో, ఇటువంటివాటిని కోర్టులు అమలు చేయరాదన్న తీర్పు వచ్చింది. ఆపైన తెల్లవారు తరలిపోయారు, పెట్టుబడీ వారి వెంటే పోయింది.

సామాజిక శాస్త్రవేత్తలు రాబర్ట్ శాంప్సన్, స్టీఫెన్ రాడెన్‌బుష్ షికాగో వీధులను నేరుగా పరిశీలింపజేసి 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక వాడ అస్తవ్యస్తంగా ఉందని జనం అనుకోవడానికి కంటికి కనిపించే చెత్తాచెదారం కంటే అక్కడ నల్లజాతివారు, పేదలు ఎంతమంది అన్నదే పెద్ద కారణం. నల్లజాతివారి అభిప్రాయంలోనూ ఇదే కనిపించింది.

అందువల్ల నగరపాలక సంస్థ ఆన్‌లైన్‌లో ఉంచే నేర వివరాలను వీధులవారీగా చూడండి, ఆ గదికి రాత్రిపూట విశ్వవిద్యాలయ బస్సు ఎంత దగ్గరగా వస్తుందో అడగండి, ఇప్పుడు ఆ వీధిలోనే ఉంటున్న విద్యార్థులతో అమ్మాయినే మాట్లాడనివ్వండి.